దూరపు పరుగు – దేశపు పోషణ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామ గ్రంథాలయము తలుపు మూయబడకుండ నడచుట సామాన్య విషయము కాదు. అది ఒకనాటి ఉత్సాహముతో జరుగు పని కాదు. నెలనెలా చందాలు వసూలు కావలెను. పుస్తకములకు చెదలు పట్టకుండ చూడవలెను. సాయంకాలమున దీపము వెలుగవలెను. ఇట్టి చిన్నపనులు ఎడతెగక జరిగినప్పుడే రజతోత్సవము వచ్చును. అట్టి సభలో దీర్ఘదూర ధావకులను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోపవచ్చును. పుస్తకమునకును పరుగునకును గల చుట్టరికము ఈ ఎడతెగకుండుటయందే యున్నది. దూరపు పరుగులో ప్రపంచమునకు సాటిరాగల యువతీయువకులను దేశము పోషింపవలెనా? పోషించినచో ఎట్లు పోషింపవలెను? ఆ ధనమునకు ఫలమెట్లు లెక్కింపవలెను? ఈ మూడు ప్రశ్నలే నేటి విషయము.

రామాయణమునందు సముద్రలంఘనము ఎరుగనివారు లేరు. హనుమంతుడు మహేంద్రగిరి మీదనుండి ఎగసిన ఘట్టము విన్నప్పుడు బాలురు కూడ నిటారుగా కూర్చుందురు. అయితే ఆ లంఘనమునకు ముందు జరిగినదానిని తలచువారు తక్కువ. సుగ్రీవుడు వానరసేనను నాలుగు దిక్కులకు పంచెను. ఏ దిక్కున ఏ దేశములు, ఏ నదులు, ఏ పర్వతములు కలవో విడమరచి చెప్పెను. ఒక నెల గడువు పెట్టెను. సముద్రతీరమున అందరును నిస్పృహ చెంది కూర్చున్నప్పుడు వృద్ధుడగు జాంబవంతుడు హనుమంతునకు అతని బలమును గుర్తు చేసెను. బలము హనుమంతునిదే. కాని దిక్కు చూపినవాడు రాజు, బలము తెలిపినవాడు పెద్ద. ఈ మూడింటిలో ఏది లోపించినను లంకాప్రయాణము సాగదు. ధావకుల విషయమునను సరిగా ఇదే జరుగును.

ఈ మాటకు ప్రమాణము పరుగు లెక్కలలోనే యున్నది. నాలుగు ఖాతాలు విప్పి చూచిన చాలును.

మొదటిది స్టీపుల్‌ఛేజ్ అను అడ్డంకుల పరుగు. దూరము 3,000 మీటర్లు. దారిలో 28 మారులు కొయ్య అడ్డంకులను, 7 మారులు నీటిగుంటను దాటవలెను. ఆ కొయ్యలు తాకిన పడిపోవునవి కావు, తాకినవానినే పడవేయునవి. ఈ పరుగును 1981లో గోపాల్ సైనీ 8 నిమిషముల 30.88 సెకండ్లలో ముగించి జాతీయ రికార్డు నెలకొల్పెను. అది 2018 వరకు, అనగా 37 సంవత్సరములు చెక్కుచెదరలేదు.

రెండవది 5,000 మీటర్ల పరుగు. 1992లో బహదూర్ ప్రసాద్ 13 నిమిషముల 29.70 సెకండ్లలో పరుగెత్తెను. ఆ రికార్డు 30 సంవత్సరములు నిలిచెను. మూడవది 10,000 మీటర్లు, అనగా సుమారు మూడు కోసుల దూరము. 2008లో సురేంద్ర సింగ్ 28 నిమిషముల 2.89 సెకండ్లలో దానిని ముగించెను. దానిని 16 సంవత్సరముల వరకు ఎవ్వరును దాటలేకపోయిరి. నాలుగవది మారథాన్, 42 కిలోమీటర్లకు పైబడిన మహాధావనము. శివనాథ్ సింగ్ 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో 11వ స్థానము పొందెను. 1978లో జలంధర్ నగరమున 2 గంటల 12 నిమిషములలో పరుగు ముగించెను. బూట్లు లేక వట్టి కాళ్లతో పరుగెత్తుటకు అతడు ప్రసిద్ధుడు. ఆ కాలమానము నలుబది సంవత్సరములు దాటిన తరువాత కూడ జాతీయ రికార్డుగానే నిలిచియుండెను.

ఇంత కాలము నిలిచిన రికార్డులను చూచి గర్వింపవలెనా? ఆ వీరులను చూచి తప్పక గర్వింపవలెను. కాని ఖాతాలో ఒక పద్దు ముప్పది సంవత్సరములు కదలకుండ ఉన్నదన్నచో లెక్క తెలిసినవాడు సంతోషింపడు. ఆ ఖాతాలో జమ పడుట లేదని గ్రహించును. కోట్లాది జనులు గల దేశమున ఒక తరము గడచినను ఆ వీరునికంటె వేగముగా పరుగెత్తగల కాళ్లు పుట్టలేదనుట నమ్మదగిన మాట కాదు. పుట్టినవి. వాటికి దిక్కు చూపినవారు లేరు.

ఆంధ్ర మహాభారతము చరిత్రయు ఇట్టిదే. రాజరాజనరేంద్రుని ఆదరమున నన్నయ భట్టారకుడు పదకొండవ శతాబ్దమున దానిని ప్రారంభించి, అరణ్యపర్వము నడుమ వరకు రచించెను. తరువాతి పర్వములకు తిక్కన సోమయాజి రావలసివచ్చెను. అది పదమూడవ శతాబ్దము. మిగిలిన అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱాప్రెగడ పదునాలుగవ శతాబ్దమున పూరించెను. మనుమసిద్ధి కొలువు, ప్రోలయ వేమారెడ్డి కొలువు లేకున్న ఆ కవుల కలము ఎంత దూరము నడచెడిదో చెప్పలేము. నడుమ రెండువందల యేండ్ల కాలములో తెలుగుదేశమున ప్రతిభ లేకపోయెనా? ఉండియే యుండును. ప్రతిభకు ఆదరము, ఆదరమునకు కొనసాగింపు, ఈ రెండును కలిసిననాడే పెద్దపని ముగియును.

ఇక ఆ నిలిచిపోయిన పద్దులు కదలిన విధము వినదగినది. మహారాష్ట్రమునందలి బీడ్ జిల్లాలో మాండ్వా అను గ్రామము కలదు. వానలు తక్కువైన మెట్టప్రాంతము. అచ్చట 1994లో ఒక రైతుకుటుంబమున అవినాశ్ సాబ్లే జన్మించెను. బడి ఆరు కిలోమీటర్ల దూరము. బండి సౌకర్యము లేనందున నడచుటయో పరుగెత్తుటయో తప్ప వేరు మార్గము లేదు. పన్నెండవ తరగతి ముగిసిన పిమ్మట అతడు సైన్యమున మహార్ రెజిమెంటు ఐదవ దళములో చేరెను. సియాచిన్ మంచుకొండలయందును, రాజస్థాన్ ఎడారియందును, సిక్కింలోను కొలువు చేసెను. 2015లో దళముల మధ్య జరుగు క్రాస్‌కంట్రీ పరుగులలో పాల్గొనసాగెను. అప్పటికి అతనికి ఇరువదియొక్క సంవత్సరముల ప్రాయము. ఇతర దేశములలో ఆ వయస్సునకు ధావకులు పేరు పొందియుందురు. సైనిక శిక్షకుడగు అమ్రీశ్ కుమార్ అతనియందలి శక్తిని గుర్తించి అడ్డంకుల పరుగునకు మరల్చెను. జాంబవంతుని పని ఇదియే.

2018లో భువనేశ్వరమున అతడు 8 నిమిషముల 29.80 సెకండ్లలో పరుగెత్తి గోపాల్ సైనీ రికార్డును దాటెను. 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో 8 నిమిషముల 18.12 సెకండ్లలో పరుగు ముగించి తన రికార్డును తానే తగ్గించెను. అయినను తుదిపోటీకి అర్హత పొందలేదు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో 8 నిమిషముల 11.20 సెకండ్లతో రజతపతకము గెలిచెను. స్వర్ణము గెలిచిన కెన్యా వీరుడు అబ్రహాం కిబివోట్ అతనికంటె ముందుండినది 0.05 సెకండు మాత్రమే, అనగా జానెడున్నర దూరము. 1998 నుండి 2018 వరకు ఆ పోటీలో మూడు పతకములును ప్రతిసారి కెన్యావారివే. ఆ కోటను మొదట ఛేదించినవాడు ఈ మెట్టప్రాంతపు రైతుబిడ్డ. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము పొందెను. 2024 జూలైలో పారిస్‌లో 8 నిమిషముల 9.91 సెకండ్లలో పరుగెత్తెను. ఆరు సంవత్సరములలో తగ్గినది దాదాపు 20 సెకండ్లు. ఇది చెవికి స్వల్పముగా వినిపించును. కాని అట్టి వేగమున పరుగెత్తువానికి 20 సెకండ్లనగా 120 మీటర్ల దూరము.

ఉత్తరప్రదేశమునందలి అలీగఢ్ జిల్లా గ్రామమునుండి వచ్చి సైన్యమున చేరిన గుల్వీర్ సింగ్ కథయు ఇట్టిదే. 2024 మార్చిలో అతడు 10,000 మీటర్లను 27 నిమిషముల 41.81 సెకండ్లలో ముగించి సురేంద్ర సింగ్ రికార్డును దాటెను. 2025 మార్చిలో అదే దూరమును 27 నిమిషముల 0.22 సెకండ్లలో ముగించెను. 2025 ఫిబ్రవరిలో బోస్టన్ నగరమున 5,000 మీటర్లను 13 నిమిషముల లోపల ముగించిన మొదటి భారతీయుడాయెను. 16 సంవత్సరములు కదలని పద్దు కదలిన తరువాత ఒక్క సంవత్సరములో మరి 40 సెకండ్లు తగ్గెను. మీరట్ సమీప గ్రామమునుండి వచ్చిన పారుల్ చౌదరి 2023 ఆసియా క్రీడలలో స్త్రీల 5,000 మీటర్ల పరుగున స్వర్ణమును, అడ్డంకుల పరుగున రజతమును గెలిచెను. కట్ట తెగిన పిమ్మట నీరు ఒక కాలువనే పారదు.

ఈ మార్పునకు కారణమైన పోషణ ఏ రూపమున ఉండును? దానిని ఐదు పద్దులుగా చెప్పవచ్చును.

మొదటిది కాలము. దూరపు ధావకుడు ఒక వేసవిలో తయారు కాడు. ఎనిమిది పది సంవత్సరములు ప్రతిదినము పరుగెత్తవలెను. శిఖరదశలో వారమునకు 150 కిలోమీటర్లకు పైబడి పరుగెత్తుట కలదు. అందులో అధికభాగము నెమ్మది పరుగే యని తెలిసిన ఆశ్చర్యము కలుగును. నెమ్మదిగా చిరకాలము పరుగెత్తుటవలన గుండె బలపడును, కండరములలో సన్నని రక్తనాళములు పెరుగును. వేగముగా పరుగెత్తుట వారమున రెండు మూడు దినములే. ఇట్లు దినమున రెండుపూటల పరుగు, నడుమ నిద్ర, తైలమర్దనము గలవాడు కూలికి పోలేడు, కొలువు చేయలేడు. అతని అన్నము ఎవరో చూడవలెను. సైన్యము ఆ పని చిరకాలమునుండి చేయుచున్నది. 2001లో పూణేలో సైనిక క్రీడాసంస్థ వెలసెను. 2014లో కేంద్రప్రభుత్వము టార్గెట్ ఒలింపిక్ పోడియం అను పథకమును ప్రారంభించెను. అందు ప్రధానవర్గమునకు ఎంపికైనవారికి శిక్షణ ఖర్చు గాక నెలకు 50,000 రూపాయల భత్యము ఏర్పడెను.

రెండవది స్థలము. ఎత్తైన కొండలమీద గాలి పలుచగా ఉండును. ప్రాణవాయువు చాలనప్పుడు మూత్రపిండములు ఒక రసమును పుట్టించును. దాని ప్రేరణవలన ఎముకలలోని మజ్జ ఎఱ్ఱ రక్తకణములను అధికముగా తయారు చేయును. మూడు నాలుగు వారములు అట్లుండి దిగివచ్చిన ధావకునకు ఊపిరి నిలుకడ హెచ్చును. అందులకే సముద్రమట్టమునకు రెండువేల రెండువందల మీటర్ల ఎత్తుననున్న ఊటీలో శిబిరములు నడచును. అందులకే సాబ్లేను, గుల్వీర్‌ను అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కు పంపుట జరిగినది.

మూడవది గురువు. బెలారూసు దేశీయుడగు నికొలాయ్ స్నెసరేవ్ ఈ దేశపు ధావకులకు చిరకాలము శిక్షణ నిచ్చెను. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 10,000 మీటర్ల పరుగున ప్రీజా శ్రీధరన్‌కు స్వర్ణము, కవితా రావుత్‌కు రజతము లభించుట ఆయన కృషి ఫలము. 2021 మార్చిలో పటియాలాలోని జాతీయ క్రీడాసంస్థ వసతిగృహమునందే ఆయన కన్నుమూసెను. కఠినమైన ఆయన పద్ధతికి సాబ్లే మొదట అలవాటుపడలేక అమ్రీశ్ కుమార్ వద్దకు మరలిపోయెను. అధికారులు దానిని ధిక్కారముగా ఎంచి అతనిని విడిచిపెట్టియుండినచో తరువాతి కథ ఉండెడిది కాదు. ఒకే కొలతతో అందరికి చొక్కాలు కుట్టరాదని జాతీయ శిక్షణ నడుపువారు దీనివలన నేర్వవలెను.

నాలుగవది సాటివారు. ఇంటిలో ఒంటరిగా గెలుచువానికి తన కాళ్ల హద్దు తెలియదు. తనకంటె బలవంతుల వెనుక పరుగెత్తినప్పుడే ఆ హద్దు జరుగును. సాబ్లే 2022లో బహదూర్ ప్రసాద్ రికార్డును దాటినది అమెరికాలో. గుల్వీర్ రికార్డులును విదేశపు బాటలమీదివే. ఐదవది వైద్యము. 2025 జూలైలో మొనాకో పోటీలో నీటిగుంట వద్ద పడి సాబ్లే మోకాలి నరము తెగెను. శస్త్రచికిత్స జరిగెను. ఆ సంవత్సరపు ప్రపంచపోటీలకు అతడు పోలేకపోయెను. గెలిచిననాడు పూలమాల వేయుట సులభము. మంచముమీద కాలు చాపి కూర్చున్ననాడు విడువకుండుటయే పోషణ.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. బమ్మెర పోతన రాజాశ్రయము కోరక హలము పట్టియే భాగవతము రచింపలేదా? శివనాథ్ సింగ్ వట్టి కాళ్లతో పరుగెత్తలేదా? నిజమైన ప్రతిభకు ఖజానా సొమ్ము ఏల? బడులకు ఆటస్థలములు లేని దేశమున కొందరికై లక్షలు వెచ్చించుట న్యాయమా?

ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. దీనికి సమాధానము రెండు విధములు. కవికి ఘంటము, తాటాకు చాలును. ముదిమియందు కూడ కావ్యము పండును. ధావకుని ఘంటము అతని దేహమే. అది పది పండ్రెండు సంవత్సరములే వాడియైయుండును. ఆ కాలము పేదరికముతో పోయినచో మరల రాదు. ఒక పోతన, ఒక శివనాథుడు పుట్టుట దేశమునకు భాగ్యము. అట్టివారు పుట్టువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుట పాలన కాదు. ఇది మొదటి సమాధానము.

రెండవ సమాధానము ఖర్చుకు హద్దు చూపునది. లెక్క నిజముగా చెప్పవలెను. ఇంత పోషణ జరిగినను దూరపు పరుగులో భారతదేశమునకు ఒలింపిక్ పతకము రాలేదు. 2024 పారిస్ ఒలింపిక్ తుదిపోటీలో సాబ్లే 11వ వాడుగా వచ్చెను. మొరాకో వీరుడు ఎల్ బక్కాలీ అతనికంటె 8 సెకండ్లు ముందుగా గమ్యము చేరెను. కాబట్టి పతకములనే ఫలముగా లెక్కించినచో ఈ ఖాతా నష్టములోనే కనబడును. కాని ముప్పదియేడు సంవత్సరములు కదలని గోడ కదలినది. ఇప్పటి బాలునికి 8 నిమిషముల 30 సెకండ్లు శిఖరము కాదు, మెట్టు. ఆ మెట్టును చూచి పరుగు మొదలిడు బాలురు దేశమంతట ఉందురు. ఇదియే అసలు జమ. శిఖరమున వెచ్చించిన రూపాయి పల్లెబడిలోని ఆటస్థలమువరకు దిగివచ్చినప్పుడే ఆ ఖర్చు ధర్మఖర్చగును. దిగిరానిచో ఆక్షేపించినవారి మాటయే నిలుచును.

పోషణతోపాటు కాపుదలయు ఉండవలెను. కొండగాలి వారములమీద రక్తమునకు ఇచ్చు బలమును సూదిమందు త్వరలో ఇచ్చునని ఆశపెట్టువారు కలరు. ఇటీవలి సంవత్సరములలో నిషిద్ధ ఔషధములు వాడి పట్టుబడువారి సంఖ్యలో భారతదేశము ప్రపంచమున ముందువరుసలో నుండుట సిగ్గుచేటు. అది రక్తమును చిక్కబరచి ప్రాణమునకే ముప్పు తెచ్చును. ఒక్క పతకముతో ఉద్యోగము, ఇల్లు, బహుమానము సమస్తము వచ్చి, పతకము లేనివానికి ఏమియు లేకున్నచో పేదబాలుడు ఆ సూదివైపు చూడకుండునా? కావున ఓడినవానికి, గాయపడినవానికి, ఎంపిక కానివానికి కూడ బ్రదుకుతెరువు చూపు పథకమే నిజాయితీగల ధావకులను నిలుపగలదు.

గ్రామము చేయదగినది ఏమి? శిబిరములు నడుపుట, విదేశములకు పంపుట గ్రామము పని కాదు. కాని ఢిల్లీలోని అధికారికి మాండ్వానుండి బడికి పరుగెత్తు బాలుడు కనబడడు. కనబడవలసినది ఊరివారికి. బడికి దూరమునుండి వచ్చు పిల్లలలో అలసట ఎరుగనివాడెవడో ఉపాధ్యాయులు గమనింపవచ్చును. చెరువుగట్టు చుట్టు సంవత్సరమునకు ఒకమారు పరుగుపందెము పెట్టి, గడియారముతో కొలిచి, ఆ కాలమానములను ఒక పుస్తకమున వ్రాసి ఈ గ్రంథాలయమున భద్రపరుపవచ్చును. ఆడపిల్లల పేర్లును ఆ పుస్తకమున ఉండవలెను. చూచి నవ్వువారు లేనిచో వారును పరుగెత్తుదురు. ఏటేటా కాలము తగ్గుచున్న పిల్లవాడు కనబడిననాడు జిల్లా పోటీకి తీసికొనిపోవు బస్సు ఖర్చు ఊరికి భారము కాదు.

ఇరువదియైదు సంవత్సరముల క్రిందట ఈ గ్రంథాలయమునకు చందా చెల్లించినవారికి తాము పోషించు పాఠకుడు ఎవడగునో తెలియదు. తెలియకయే చెల్లించిరి. ఆ చందాలవలననే నేడు ఇన్ని పుస్తకములు, ఇందరు చదువరులు. పరుగెత్తువారి విషయమునను దేశము చేయవలసినది అట్టి చందా చెల్లింపే. చదువుకొను పిల్లవాని చేతిలో పుస్తకమును, పరుగెత్తు పిల్లవాని కాలిక్రింద బాటయు ఎడతెగకుండుగాక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము, వజ్రోత్సవము జరుపుకొని చిరకాలము వర్ధిల్లుగాక. సభాసదులకు శుభమగుగాక.